బొట్టుకు వేరే జాగా

నార్కట్‌పల్లిలో మిక్సీలు బాగుచేసే దుకాణం ముందు నిలబడి ఉన్నాను. దుకాణదారు తెగిన తీగను సీసంతో అతికిస్తుంటే సన్నగా తెల్లని పొగ లేచింది. గుగ్గిలం వాసన. పూజగదిలోని ధూపానికీ ఈ పొగకూ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు. రోడ్డు మీది బస్సుల చప్పుడు మెల్లగా దూరమైంది. పొడవాటి బల్లలు, వాటి మీద కిటికీ ఎండ, కొప్పులో చిన్న స్క్రూడ్రైవరు దోపుకొన్న సుగుణ మేడం కళ్ళముందు నిలిచారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం. నల్లగొండ దగ్గరి విశ్వవిద్యాలయంలో మేడం భౌతికశాస్త్రం చెప్పేవారు. సెలవుల్లో పిల్లలను పిలిచి చిన్న చిన్న రోబో బండ్లు చేయించేవారు. ఆయాసం జబ్బు వల్ల నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలు అవ్వ నేర్పింది, లెక్కలు బాపు చెప్పాడు. అంతమంది పిల్లల నడుమ కూర్చోవడం అదే మొదలు. స్కూటరు దిగుతూనే బాపు అన్నాడు: “ఎవలన్న నిన్ను జూసి నవ్విన్రనుకో, గంతే బిడ్డా, మల్ల రావుడు లేదు.” అది కోపం కాదు, భయం. రోజూ వరండాలోనే కూర్చుని కనిపెట్టుకొని ఉండేవాడు.

మొదటిరోజు నేను దేన్నీ ముట్టుకోలేదు. మేడం నా పక్కన ఆగారు.

“ఏం బిడ్డా, చేతులు ఎనుకకు కట్టుకున్నవ్?”

“ఇరిగిపోతె ఎట్ల మేడం?”

“ఇరిగితె అతికిద్దాం. గందుకే గదా వచ్చింది!”

ఆ మాటతో నా చేతులు ముందుకు వచ్చాయి. తర్వాతి రోజులన్నీ ఒకే పొడవైన మధ్యాహ్నంలా గుర్తున్నాయి. వేళ్ళ నడుమ తీగలు, ఫ్యాను గాలికి దొర్లే మరలు, ఉన్నట్టుండి తిరిగే చక్రాలు. దేవుడు లోకాన్ని ఇలాగే ఒక్కొక్క ముక్కా కలిపి ఉంటాడనుకునేదాన్ని.

తల్లిదండ్రుల ముందు బండ్లు నడిపించే రోజు వచ్చింది. నేల మీద అతికించిన నల్లగీత వెంట బండి దానంతటదే పోవాలి. కొత్త నాగలైనా, కుట్టుమిషనైనా బొట్టు పెట్టకుండా మా ఇంట్లో పని మొదలుపెట్టరు. బండి ముందుభాగంలో కిందికి చూస్తూ గీతను కనిపెట్టే రెండు చిన్న గాజు బుడ్లను మేడం కళ్ళన్నారు. బొట్టు పెట్టేది కళ్ళ నడుమనే కదా. ఎవరూ చూడకుండా తడి కుంకుమ అద్దాను.

బండి గీత దాకా పోకుండా ఉన్నచోటే గిరగిర తిరిగింది.

“అరే, కల్లు తాగిందిరో!” అన్నాడొకడు. గది గొల్లుమంది. బాపు లేచి గడప దగ్గరికి వచ్చాడు. “పా బిడ్డా, పోదాం.” నేను బండి పక్కనే కూర్చుండిపోయాను.

మేడం ఆయన వైపు చెయ్యెత్తారు. “అన్నా, జర ఆగు. ఆగమైంది బండి, పిల్ల గాదు.” నా వైపు తిరిగారు. “గది దేంతోని చూస్తది బిడ్డా?”

బండిని తిరగేశాను. తడి కుంకుమ అటూ ఇటూ కారి రెండు కళ్ళనూ కప్పేసింది. ఏం చేయాలో తెలిసింది, కానీ కుంకుమ మీద వేలు పెట్టి ఆగిపోయాను.

“బొట్టు తుడువద్దంటది మా అవ్వ,” అన్నాను.

అదేం పిచ్చి అని మేడం అనలేదు. కొంగు తడిపి నా చేతికిచ్చారు. “తుడుసుడెందుకు? జాగ మార్చు.”

కుంకుమను మెల్లగా తీసి బండి పైన, బ్యాటరీ మీద పెట్టాను. బండిని కింద వదిలాను. కాసేపు తడబడి, నల్లగీతను పట్టుకొని మలుపు తిరిగింది. “మా బండికి గూడ పెడ్తవా?” అని ఇందాక నవ్విన పిల్లవాడే అడిగాడు. బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. “ఇంకోపాలి నడిపియ్యి బిడ్డా,” అన్నాడు.

ఆ తర్వాత కూడా నేను ఇంట్లోనే చదువుకున్నాను. కానీ ప్రతి ఎండాకాలం బాపే గుర్తుచేసి మరీ మేడం దగ్గరికి తీసుకుపోయేవాడు. నా భక్తిని చిన్నబుచ్చకుండా దానికి చూపునిచ్చిన మనిషి ఆమె. పొద్దున్నే దీపం ముందు ఇంట్లో అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోను. వత్తి ఎటు ఒరిగిందో, నూనె ఎంత మిగిలిందో చూస్తూనే చేతులు జోడిస్తాను.