గొర్రెల దొడ్డి మీద హెలికాప్టర్

తాండూరు బండల గనులను పైనుంచి ఫొటోలు తీయడం నా పని. అందులో ఇంతవరకూ నాకు వంక పెట్టినవాళ్లు లేరు. నా రిమోట్ హెలికాప్టర్‌లో ఆటోపైలట్ ఉంది. గాలి ఎంత తోసినా కెమెరా కదలకుండా నిలబెడుతుంది. బ్యాటరీ తగ్గితే, ఎక్కడ లేచిందో అక్కడికే వచ్చి తనంతట తాను దిగుతుంది. దీన్ని నడిపేది ఆడపిల్లా అని నోరెళ్లబెట్టేవాళ్లను చూస్తే నాకు భలే సరదా.

బంట్వారం దగ్గర మా ఊళ్లో అమ్మ గొర్రెలు కాసేది. మోకాళ్లు సహకరించక మందను అమ్మేయాల్సి వచ్చింది. మర్నాడు లారీ వస్తుందనగా నన్ను ఒక్కటే అడిగింది.

"అన్నీ ఒక్క ఫొటోల రావాలె బిడ్డా. ఒక్కటి గూడ తప్పొద్దు."

"గదెంత పనమ్మా!" అన్నాను.

చుట్టూ రాళ్లు, పక్కన కోసిన కందిచేలో కొయ్యలు. చదునుగా ఉన్నది ముళ్లకంప కట్టిన ఖాళీ దొడ్డి ఒక్కటే. అక్కడినుంచే లేపాను. మోత వినగానే బయట మేస్తున్న గొర్రెలు బెదిరి తలో దిక్కు పరుగెత్తాయి.

"గిదేం లొల్లి! జర పైకి తీస్కపో దాన్ని" అని కసిరి, అమ్మ దొడ్డి మధ్యలో నిలబడి రోజూ సాయంత్రం వేసే కూత వేసింది. ఒక్కొక్కటే తిరిగొచ్చి దొడ్డిలో ఆమె చుట్టూ మూగాయి. పైన హెలికాప్టర్ అంగుళం కదలలేదు. ఫొటో అద్దంలా వచ్చింది. నేను మురిసిపోయాను.

ఆ మురిపెంలో బ్యాటరీ సంగతి మరిచాను. హెలికాప్టర్ దిగడం మొదలుపెట్టింది, లేచినచోటికే. అక్కడిప్పుడు అమ్మ ఉంది, మంద ఉంది. ఆటోపైలట్ ఆపేసి, నా చేతులనే నమ్ముకుని, కంప మీదుగా ఆ కందిచేలోకి మళ్లించాను. కంది కొయ్యలు తగిలి దాని కాలొకటి విరిగింది.

"మస్తు పరేషాన్ జేసినవ్ గొర్లను" అంది అమ్మ. "అన్నీ వచ్చినయా?"

"అన్నీ వచ్చినయమ్మా. నడుమ నువ్వు సుత వచ్చినవ్."

మర్నాడు లారీ వచ్చి మందను తీసుకెళ్లింది. సాయంత్రం నేను ఇంట్లో హెలికాప్టర్‌కు కొత్త కాలు బిగిస్తుంటే దొడ్డి వైపునుంచి అమ్మ కూత వినిపించింది. ఇన్నేళ్ల అలవాటు మరి. ఆ కూతకు రావడానికి ఒక్క గొర్రె కూడా లేదు. చేతిలో పని పక్కన పెట్టి నేనే వెళ్లాను.