పిచ్చుకక్క విన్న పాట

మా పిచ్చుకక్కకు ఆ పేరు పెట్టింది నేనే. మనిషి పిడికెడంత ఉంటుంది, నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. అయితే ఆ నోట్లోంచి శబ్దం రాదు. మరమగ్గాల షెడ్డులో పనిచేసే మా అందరిదీ అదే తీరు. మగ్గాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని పెదవులు కదిపి మాట్లాడుకుంటాం, కళ్లతో వింటాం. ఎవరి మీదైనా చాడీలు చెప్పుకోవాలంటే వాళ్లు అటు తిరిగి ఉన్నప్పుడే చెప్పుకోవాలి. మా మాటల్లో గుసగుస అనేది లేదు. మన ముఖం ఎవరికి కనపడితే వాళ్లందరికీ మాట అందినట్టే.

పిచ్చుకక్క కొడుకు ఆ షెడ్డులోనే పెరిగాడు. దారం పెట్టెల పక్కన కట్టిన గుడ్డ ఉయ్యాలలో పడుకుని, మా నోళ్లు చూసి చూసి, గొంతు విప్పడానికి ముందే పెదవులతో "పాలు" అన్నాడు. అలాంటివాడు పెద్దయ్యాక ఒక గిటారు కొనుక్కుని, ముగ్గురు స్నేహితులను పోగేసి, ఎవరూ ఎరగని పాటలు సొంతంగా కట్టి, చెవులు చిల్లులు పడేలా వాయించడం మొదలుపెట్టాడు. ఏం చేస్తాడు పాపం, జోలపాటకు బదులు మగ్గాల మోత విని నిద్రపోయినవాడు.

ఈమధ్య వాడికి లారీల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అన్నీ రాత్రి డ్యూటీలే. చేరితే పాట అటకెక్కినట్టే. చేరాలో వద్దో తేల్చే పని వాడు తీసుకెళ్లి తల్లి నెత్తిన పెట్టాడు.

"ఇంట్లో ఏది పాడినా బాగుందనే అంటావమ్మా. ఒక్కసారి మా కచేరీకి వచ్చి మొత్తం విను. వదిలెయ్యమంటే వదిలేస్తా. నువ్వెలా అంటే అలాగే."

అలా ఒక శనివారం సాయంత్రం మేం ముగ్గురం బస్సెక్కాం: పిచ్చుకక్క, నేను, షెడ్డులో దారం కండెలు చుట్టే మా వదిన. కచేరీకి వెళ్తున్నామంటే వదిన చెవుల్లో పెట్టుకోడానికి దూది తెచ్చింది. రోజంతా మగ్గాల మధ్య బతికే మనిషికి పిల్లలు వాయించే గిటారంటే భయం! నాకో ఉండ ఇచ్చి, పిచ్చుకక్కకో ఉండ ఇవ్వబోయింది. అక్క ఆ చెయ్యి తోసేసింది.

"నాకెందుకే. నాకు వినపడటం లేదు," అంది, పెదవులతోనే. "చాన్నాళ్లయింది."

నాకు ముందు కోపం వచ్చింది. రోజూ పక్కపక్కన నిలబడి పనిచేస్తాం, నాతో ఒక్క మాట అనదా? ఆ వెంటనే సిగ్గేసింది. మా మధ్య చెవులతో పనెప్పుడు పడింది గనుక! వాళ్లింట్లోనూ అంతే, సగం మాటలు పెదవుల మీదే జరుగుతాయి. పాట పాడేటప్పుడు మాత్రం పిల్లాడు తల వంచి తీగల వంక చూసుకుంటాడు. ఈవిడ వాడి వేళ్లు చూసి బాగుందంటుంది.

"వాడికి చెప్పెయ్యరాదూ అక్కా?"

"చెబితే ఇంకేమన్నా ఉందా? షెడ్డు వల్లే నా చెవులు పోయాయని నన్ను మాన్పించి, వాడెళ్లి ఆ లారీల్లో చేరిపోతాడు. పాట బాగుందా లేదా అన్న మాటే ఉండదిక."

"అయితే బాగుందనెయ్యి."

"వినకుండానే? వాడి బతుకే అబద్ధం మీద తేల్చమంటావా?"

అంతలో బస్సు ఆగింది, దిగిపోయాం.

కచేరీ పెట్టింది ఒక పాత గోదాములో. లోపల అడుగు పెట్టగానే బయటి ఊరు ఏమైపోయిందో తెలియలేదు. నీలం వెలుతురు, అందులో నెమ్మదిగా తిరుగుతున్న పొగ. పిల్లలందరూ కళ్లు మూసుకుని, నీళ్లలో నిలబడినట్టు అటూ ఇటూ ఊగుతున్నారు. ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉందో వాళ్లకే పట్టలేదు. దూది పెట్టుకున్నానేమో, మోత నా దగ్గరకు వచ్చేసరికి మెత్తబడిపోయింది. ఏళ్ల తరబడి అలవాటైన అలసట ఎవరో తీసి పక్కన పెట్టినట్టనిపించింది. ఇంటికి వెళ్లకపోతే ఏమవుతుంది అనుకున్నాను. నాకు అలాంటి ఊహలు రావు, ఆ రోజు వచ్చింది.

జనాన్ని తోసుకుంటూ అక్కను వేదిక ముందుకు చేర్చాం. మగ్గం ఎక్కడ మొరాయిస్తోందో చట్రం మీద అరచెయ్యి ఆనించి చెప్పే మనిషి కదా, వేదిక చెక్క మీద కూడా అలాగే చెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె ముఖంలోకి వచ్చిన హాయి చూస్తే నాకు కాస్త అసూయ వేసింది.

"లోపల ఏదో నడిచి వస్తోందే. బాగుంది," అంది. ఆ తర్వాత తలెత్తి కొడుకును చూసి దిగులు పడిపోయింది. "వాడేమంటున్నాడో తెలియడం లేదు. ఆ మైకు నోటికి అడ్డం."

ఇక మేమే పూనుకున్నాం. నేనూ వదినా వేదికకు వీపు పెట్టి, అక్కకు ఎదురుగా నిలబడి, వెనక నుంచి వస్తున్న మాటను వచ్చినట్టు పెదవులతో అందివ్వసాగాం. వదిన అందివ్వడమంటే ఎలాగుంటుంది!

"వాన అంటున్నాడు... ఇప్పుడు గడప... నీ కొడుకు తల దువ్వుకోలేదే... మళ్లీ వాన."

అక్క నవ్వబోయి, నవ్వలేక కళ్లు తుడుచుకుంది.

"మీరెంత చెప్పినా వాడి నోరు కనపడందే ఎలా? నాకు ఒక్క ముక్క వినపడటం లేదు. వాడికి మాత్రం చెప్పకండి. నా మీద ఒట్టు."

చెప్పం అని ఇద్దరం తలలూపాం. మాకంటే తెలివితక్కువవాళ్లు ఉంటారా? వీపు పెట్టింది మేమిద్దరమే. అక్క ముఖం నేరుగా వేదిక వైపే ఉంది.

వెనక గిటారు ఆగిపోయింది.

తిరిగి చూశాను. పిల్లాడు తల్లి పెదవుల వంకే చూస్తున్నాడు. మిగతా ముగ్గురూ కాసేపు వాయించి, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని వాయింపు తగ్గించారు. వాడు మైకు పక్కకు నెట్టి వేదిక అంచుకు వచ్చాడు. తల్లి ముఖానికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని అదే పాట మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

*నేను లేచేసరికి నీ చెప్పులుండవు,*
*గడప మీద ఎండ ఉంటుంది.*
*ఎండలో కూర్చుని నీతో మాట్లాడతాను,*
*వాన వచ్చినా లేవను.*

"మైకు! మైకు!" అని వెనక నుంచి కేకలు. మా వదిన గిర్రున తిరిగింది.

"ఆగండ్రా! పిల్లాడు వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు!"

గోదాం గోదామంతా సద్దుమణిగింది. డ్రమ్ములబ్బాయి మాత్రం చాలా మెల్లగా కొడుతూనే ఉన్నాడు, అక్క చెయ్యి కింద చెక్క కదిలేంతగా. ఆమె పెదవులు కొడుకు పెదవుల వెనకే కదిలాయి. ఎంతసేపో నాకు తెలియదు. నేను కూడా దూది తీసి పారేసి విన్నాను.

పాట అయ్యాక వాడు గొంతు లేకుండా, పెదవులతోనే అన్నాడు.

"లారీల్లో చేరిపోతానమ్మా. నువ్వు షెడ్డు మానెయ్యి. నీ చెవులు..."

అక్క జవాబు పెదవులతో చెప్పలేదు. ఇన్నేళ్లలో నేనెన్నడూ వినని గొంతు, ఎంత పెద్దదో తనకే తెలియని గొంతు, ఆ నిశ్శబ్దంలో ఒక్కసారిగా లేచింది.

"నా చెవులు పోతే పోయాయి! నీ నోరు కూడా పోవాలా? బాగుందిరా, ఈసారి చూసి చెబుతున్నా! వదిలావంటే నీ మొహం చూడను!"

గోదాం కప్పు ఎగిరిపోతుందేమో అన్నంతగా అరిచారు పిల్లలు. వాడు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అక్క వాడి చేతులు లాగి ముఖం తన వైపు తిప్పుకుంది. తర్వాత నా వంక చూసి, పెదవులతో మెల్లగా అడిగింది.

"కాస్త గట్టిగా అన్నానా?"

"లేదక్కా," అన్నాను. "మామూలుగానే అన్నావు."