చెకింగ్ మేడం దవడలో దాగిన పన్ను

సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఆమెను కండక్టర్లు చాటుగా డేగకళ్ళు అంటారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె వినని అబద్ధం లేదు. పాసు మీద ఒకరి ఫొటో, సీట్లో ఇంకొకరు. ఆమెను చూడగానే చెవుడు వచ్చేసేవాళ్ళు, గుర్రుపెట్టేవాళ్ళు. ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే ముందు వాళ్ళ టిక్కెట్టే అడిగేది.

అలాంటి మనిషికి ఎడమ కింది దవడలో సలుపు మొదలైంది. వచ్చేది, పోయేది. నెల రోజులు లవంగం నూనెతో నెట్టుకొచ్చింది. "నీ అనుమానాలు తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకో" అని కుట్టుపని చేసే భర్త పోరగా పోరగా, ఒక సెలవు రోజున వెళ్ళింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. నోట్లో అద్దం పెట్టి చూసింది, పళ్ళను ఒక్కొక్కటే తట్టింది.

"పైకి ఏమీ కనిపించట్లేదండీ. ఒక ఎక్స్‌రే తీద్దాం."

"ఏమీ కనిపించనప్పుడు ఫొటో దేనికి?"

"పన్ను వేళ్ళు ఎముకలో ఉంటాయి కదా. అక్కడ ఏం జరుగుతోందో ఈ అద్దానికి అందదు."

ఆ జవాబు మరీ సాఫీగా వచ్చిందనిపించింది ఆమెకు, చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా. డాక్టరమ్మ ఆమెను చిన్న గదిలో నిలబెట్టి, కిరణాలు తగలకుండా భుజాల మీద బరువైన కవచం కప్పి, భయం లేదని చెప్పి, తలుపు వైపు నడిచింది.

"భయం లేదన్నారు. మరి మీరెందుకు పారిపోతున్నారు?"

డాక్టరమ్మ నవ్వింది. "మీకు ఎప్పుడో ఒకసారి. నాకు రోజంతా ఇదే పని."

యంత్రం తల చుట్టూ తిరిగి ఆగింది. తెర మీద పళ్ళన్నీ వరసగా వచ్చాయి. కింది వరస చివర, ఎముక లోపల, ఒక పన్ను అడ్డంగా పడుకుని తన ముందున్న పన్నును పొడుస్తోంది. అవి రెండూ తగిలేచోట నల్లటి మచ్చ.

"జ్ఞానదంతం అడ్డం తిరిగిందండీ. ఆ నల్లమచ్చ పక్క పన్ను వేరు దగ్గర ఎముక కరిగిన చోటు."

"ఇది నాది కాదు. నాకసలు జ్ఞానదంతాలే రాలేదు."

"బయటికి రాలేదు. లోపలే ఉండిపోయింది."

ఆమె తెరకు దగ్గరగా జరిగింది. కొన్నేళ్ళ క్రితం టిక్కెట్టు లేని ఒకడు తోసేసినప్పుడు బస్సు కడ్డీకి తగిలి ఆమెకు పైపన్ను ఒకటి ఊడింది. అది ఎడమవైపు. తెర మీద ఖాళీ కుడివైపు కనిపిస్తోంది. దొరికావు, అనుకుని, "నాకు ఊడింది ఎడమవైపు పన్ను. ఖాళీ కుడివైపు ఉందేం?" అంది.

"ఎదురుగా నిలబడి చూస్తే మీ ఎడమ నాకు కుడివైపే కదండీ. ఇదీ అంతే" అంది డాక్టరమ్మ.

ఆమె ఎక్స్‌రే ఫిల్ము తీసుకుని వచ్చేసింది.

మరునాడు డ్యూటీ దిగాక ఊరి ఆ కొసన ఉన్న ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన.

"ఈమధ్య ఎక్స్‌రే తీయించారా అమ్మా? ఉంటే అదే చాలు. ఊరికే మళ్ళీ తీయకూడదు."

"లేదండీ" అంది. ఫిల్ము ఒళ్ళోని సంచిలోనే ఉంది.

ఆయన తీసిన బొమ్మలోనూ అదే పన్ను అలాగే పడుకుని ఉంది. ఆయన వేలు సరిగ్గా ఆ మచ్చ మీదే ఆగింది. "ఇంకో ఏడాది ఆగితే దాని ముందున్న పన్ను కూడా దక్కేది కాదు."

ఆమె మొహం వేడెక్కింది. ఎందరి అబద్ధాలో పట్టుకుంది గానీ, అబద్ధమాడి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమెకు అంతవరకూ తెలియదు. సంచిలోంచి ఫిల్ము తీసి బల్ల మీద పెట్టింది.

"లేదన్నాను. ఉంది. ఒక చిన్న వయసు డాక్టరమ్మ తీసి, ఇదే చెప్పింది."

పెద్దాయన రెండు బొమ్మలూ పక్కపక్కన పట్టుకుని చూశాడు. "నన్నూ చెకింగ్ చేశారన్నమాట! ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది. అక్కడే చేయించుకోండి."

ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పింది.

"మంచి పనే చేశారు. ఇప్పుడు నమ్మకం కుదిరిందా?"

"సగం."

పన్నును ముక్కలు చేసి తీసిన రోజున వాటిని పారేయనివ్వలేదు. బుగ్గ నిండా దూదితో, చిన్న గిన్నెలోని మూడు ముక్కలనూ కలిపి ఫిల్ము పక్కన పెట్టి చూసుకుంది. కొక్కెంలా వంగిన వేరు అచ్చం అలాగే ఉంది. అప్పుడు తలాడించింది. దాని ముందున్న పన్ను వేరుకు వైద్యం జరిగి, అది నిలబడింది.

ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. "నొప్పి లేదుగా, మళ్ళీ ఎక్స్‌రే ఎందుకు?" అని వాదిస్తూనే కవచం కప్పుకుంది. ఈసారి ఆ ఒక్క పన్నుకే తీశారు. నల్లమచ్చ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఏడాది తర్వాత చూద్దామంది డాక్టరమ్మ.

"ఏడాదే ఎందుకు?" అని అడిగి, చెప్పిందంతా విని, ఎక్స్‌రే కవరు మీద తేదీ తన చేత్తోనే రాసుకుంది.