నేను రాసిన యాడ్‌కు నేనే గిరాకీ

ఆత్మకూరు కోర్టు ఆవరణలో ఒకాయన చంకలో కర్రతో, కాలికి కట్టుతో నిలబడి, నల్లకోటు కనబడితే చాలు ఆపి, "అయ్యా, నా వకీలు మీరేనా?" అని అడుగుతూ ఉండటం మీలో ఎవరైనా చూశారేమో. పాపం, కాలితో పాటు తలకూ దెబ్బ తగిలినట్టుందని జాలిపడి కూడా ఉంటారు. ఆ జాలికి నా కృతజ్ఞతలు. ఆ మనిషిని నేనే. తలకు దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికి ఒక కారణమైనా మిగిలేది.

కోర్టుకు వచ్చినవాడు తన వకీలు ఎవరో వెతుక్కోవడమంటే, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు పక్కకు వంగి, "పెళ్లికూతురు ఎవరండీ?" అని బంధువులను అడగడమే. అంతటి ఘనకార్యం ఒక్కరోజులో జరగదు. దానికి పునాది నేనే స్వహస్తాలతో వేసుకున్నాను.

నేను ఉదయగిరిలో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌ని. మా పని సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. వార్త పంపేదీ మేమే, యాడ్ తెచ్చేదీ మేమే. సీతారామపురం వైపు బస్సు రాలేదని పొద్దున రాస్తాం. మధ్యాహ్నానికి నాయకుడి పుట్టినరోజు యాడ్‌లో అనుచరుల ఫొటోలు ఎవరికీ కోపం రాకుండా సర్దుతాం. రెండూ రాసేది ఒకే చేయి కావడంతో, కొన్నాళ్లకు ఏది వార్తో ఏది యాడో ఆ చేతికే తెలియకుండా పోతుంది.

అలాంటి రోజుల్లో కిరణ్ అనే కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. 'అండదండ ప్రమాద బాధితుల సేవా కేంద్రం' అని ఒకటి పెట్టారట. దెబ్బలు తగిలినవాళ్లు ఫోన్ చేస్తే లాయర్‌ని చూపిస్తారట.

"యాడ్ మాదిరి ఉండకూడదన్నా. వార్త మాదిరి ఉండాలి. మీరు రాస్తే బాగుంటాదని అందరూ చెప్పినారు," అన్నాడు.

అందరూ చెప్పినారు అన్నాక ఇంకేం కావాలి? ఆ రోజు నా కలానికి పూనకం వచ్చింది. 'దిక్కుతోచని బాధితులకు కొండంత అండ' అని శీర్షిక పెట్టాను. కిరణ్ 'లాయర్' అని ఏకవచనంలో చెప్పాడు. వాక్యానికి తూగు కుదరక 'పేరుమోసిన న్యాయవాదుల బృందం' అని నేనే చేర్చాను. 'అహర్నిశలూ' అని కూడా రాశాను. కిరణ్ చదువుకుని, "ఇంత ఉండాదా మా ఆఫీసులో!" అని ఆశ్చర్యపోయాడు.

తర్వాత కొద్ది నెలలకే, ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బండి మీద వస్తున్నాను. దారికి అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. బుద్ధిగా ఆగాను. వెనక వస్తున్న పాల వ్యాను ఆగలేదు. నన్ను, నా బండిని కలిపి మందలోకి తోసింది. మంద వెనక నడుస్తున్న మాలకొండయ్య మీద నా బండి పడింది. నాకు కాలు విరిగింది, అతనికి కుడి భుజం. గొర్రెలకు ఏమీ కాలేదు. ప్రమాదంలో జాగ్రత్తగా వ్యవహరించింది అవే.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. మాలకొండయ్య నాకన్నా పెద్దవాడు, కొండాపురం దగ్గర పల్లె. గొర్రెల కాపరికి భుజమే సర్వస్వం. గొర్రెపిల్లను ఎత్తాలన్నా, తుమ్మకొమ్మ వంచాలన్నా అదే. వ్యాను వాళ్ల బీమా నుంచి పరిహారం వస్తే తప్ప మందను అమ్ముకోవాల్సిందేనని ఆ మంచం మీద పడుకున్న మొదటి రోజే అతనికి అర్థమైంది.

"ఇప్పుడు ఎవుర్ని అడగాల?" అంది నా భార్య సుజాత.

నేను ఫోన్ తీసి, దాచుకున్న పేపర్ కటింగు చూపించాను. "వీళ్లను అడుగుదాం. కొండంత అండ."

"ఏందయ్యా, ఇది రాసింది నువ్వే గదా?"

"రాసింది నేనే. వేసింది పేపరు."

"నువ్వు రాస్తేనే గదా పేపరు వేసింది?"

"నేను రాసినంతవరకు నా మాట సుజాతా. అచ్చయినాక పేపరు మాట."

ఆమె నా నుదుటి మీద చేయి పెట్టి జ్వరం ఉందేమో చూసింది. లేదు. పాఠకులారా, ఇరవయ్యేళ్లు పేపర్లో పనిచేస్తే వచ్చే జబ్బు ఇది. దానికి ఒళ్లు కాలదు.

మాలకొండయ్య తల తిప్పి, "సారూ, గట్టిగా చదువు, నేనూ ఇంటా," అన్నాడు. చదివాను. నా వాక్యాలు వార్డంతా మోగాయి. 'అహర్నిశలూ' దగ్గర ఇంకాస్త గొంతు పెంచాను.

ఫోన్ చేసిన మర్నాడే కిరణ్ ఊడిపడ్డాడు. నన్ను చూసి, "అన్నా, మీరా!" అని రెండు చేతులూ పట్టుకుని, ఫైలు తెరిచి, "ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టండి," అన్నాడు.

"లాయర్ పేరు రాయలేదే ఇక్కడ?"

"అది హెడ్డాఫీసు వాళ్లు నింపుతారన్నా."

"ఇంతకీ ఎంతమంది లాయర్లు?"

"బృందమన్నా. మీరే రాసినారు గదా!"

నా మాటే నాకు ఎదురొచ్చి దండం పెడితే కాదనేదెట్లా? పెట్టేశాను. పోలీసు కాగితాలు, ఆసుపత్రి కాగితాలు అసలువే ఇచ్చేశాను. పక్క మంచం నుంచి మాలకొండయ్య నా వైపు చూశాడు.

"పెట్టమంటావా సారూ?"

"పెట్టు మాలకొండయ్యా. పేపర్లో వచ్చినోళ్లు."

కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు. నన్ను నమ్మి వేశాడు. ఇందులో నవ్వడానికి వీల్లేని ముక్క ఇదొక్కటే.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. లాయర్ దగ్గర్నుంచి మాత్రం కాదు. మోకాళ్ల నొప్పుల తైలం వాళ్లు, కావలి దగ్గర ప్లాట్ల వాళ్లు, బంగారం మీద అప్పు ఇచ్చేవాళ్లు. మాలకొండయ్యకయితే ఒకామె రోజూ ఫోన్ చేసి మోకాళ్లు ఎట్లున్నాయని అడిగేదట. "నాకు విరిగింది భుజమమ్మా" అని చెప్పీ చెప్పీ, పాపం నొచ్చుకుంటుందని చివరికి మోకాళ్లు కూడా నొప్పిగా ఉన్నాయని ఒప్పుకున్నాడట. కిరణ్ మాత్రం ఎప్పుడు పలకరించినా ఒకటే మాట: "ప్రాసెస్‌లో ఉండాదన్నా."

ఇక ఓపిక లేక ఆత్మకూరు కోర్టుకు వెళ్లి, మొదట చెప్పానే, ఆ నాటకం ఆడాను. అయిదారు నల్లకోట్ల తర్వాత రమణయ్య గారు దొరికారు. పాత పరిచయం, పెద్ద వకీలు. టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టి అంతా విన్నారు.

"నీ వకీలు ఎవరో నన్ను అడుగుతావేందయ్యా? పెట్టుకున్నోడివి నువ్వు గదా!"

"బృందం సార్."

"ఆ బృందాన్ని నువ్వు కళ్లతో చూసినావా?"

"రాసినాను సార్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, నవ్వు ఆగినాక మెల్లగా చెప్పారు. వకీళ్లు యాడ్లు వేసుకోకూడదు, ఆసుపత్రులకు మనుషుల్ని పంపి కేసులు పట్టి తెప్పించుకోకూడదు. అట్లా వచ్చినవాడు వకీలు కాదు, దళారి. ఎవరు ఎక్కువ వాటా ఇస్తే మన కాగితాలు వాళ్ల చేతికి పోతాయి. సంతకానికి ముందు వకీలు పేరు అడగాలి, బార్ కౌన్సిల్‌లో నమోదైన నంబరు అడగాలి, మనిషిని చూసి మాట్లాడాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు, అసలు కాగితాలు ఇవ్వకూడదు. వకీల్ని పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టులోనే న్యాయ సేవాధికార కమిటీ ఉంది, వెళ్లి అడగాలి.

"ఇదంతా నీకు తెలవదా? ఆ కమిటీ సదస్సు జరిగితే వార్త రాసింది నువ్వే గదయ్యా!"

నిజమే. రాశాను. అది లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. అందుకే నమ్మలేదనుకుంటాను.

నా కాగితాలు ఏ కోర్టుకూ పోలేదని తేలింది, ఎవరూ కేసు వేయనే లేదు. రమణయ్య గారు నకళ్లు తీయించి, కేసు కొత్తగా వేశారు. మాలకొండయ్యను కూడా పిలిపించాను. వస్తూనే నన్ను ఎగాదిగా చూశాడు.

"పేపరు చెప్పింది అంటివే సారూ. ఆ పేపర్ని పిలిపించు, వచ్చి జడ్జి గారికి చెబుతాది."

నాకు తోడొచ్చిన సుజాత వైపు చూశాను. ఆమె గోడ వైపు చూసింది.

మొన్నామధ్య కిరణ్ నుంచి ఫోన్.

"అన్నా, ఇంకో యాడ్ వేయాల. మీరే రాయాల. పోయిన దానికి రెస్పాన్స్ బ్రహ్మాండం!"

"ఎంతమంది వచ్చినారురా?"

"ఉదయగిరి సైడయితే... మీరు, మాలకొండయ్య, ఇద్దరే అన్నా."

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో, విరిగి అతికిన నా కాలి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట ఎవరు రాసింది నమ్మినా, నేను రాసింది మాత్రం చచ్చినా నమ్మను. మీరు కూడా ఇది చదివి ఊరుకోకండి. దెబ్బ తగిలినప్పుడు ఎవరైనా ఫైలు పట్టుకుని మంచం దగ్గరికి వస్తే, వకీలు మొహం చూపించమనండి.

మాలకొండయ్య కేసు మాత్రం ఎవరో, ఏదో కోర్టులో వేసే ఉన్నారని ఆ ఫోన్లోనే కిరణ్ ఒప్పుకున్నాడు. ఎక్కడో చెప్పలేదు, అతని ఫోన్ ఇప్పుడు పలకడం లేదు. అది తేలకుండా రెండోసారి వేస్తే చిక్కు వస్తుందని రమణయ్య గారు ఆగారు. ఆయన గుమాస్తా కంప్యూటర్లో మాలకొండయ్య అని కొడితే, మా జిల్లాలో ఊరూరా ఉండే పేరు కదా, తెర నిండా మాలకొండయ్యలే వస్తున్నారు. ఒక్కొక్కరినీ తీసి చూస్తున్నారు. మనవాడు ఇంకా దొరకలేదు. మందలో సగం అమ్మేశాడు.