సదరు యంత్రం పశుగ్రాసం కాదు

కరోనా తగ్గి సంస్థలన్నీ మళ్లీ తెరుచుకున్న ఏడాది, జూన్ బదిలీల్లో నన్ను చిత్తూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐటీఐలో వేశారు. సంస్థ పేరు చెప్పను. నా హోదా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ అని ఉన్నా, పని మాత్రం మోటార్ మెకానిక్ ట్రేడు విద్యార్థులకు ఇంజన్ విప్పడం, బిగించడం నేర్పడం. మా పైన డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్, ఆ పైన ట్రైనింగ్ ఆఫీసర్, అందరికీ పైన ప్రిన్సిపాల్ ఉంటారు. హోదా పెరిగేకొద్దీ చేతికి గ్రీజు అంటడం తగ్గుతుంది. ప్రిన్సిపాల్ స్థాయికి వచ్చేసరికి స్పానర్‌ను ఫోటోలో చూసి గుర్తుపట్టగలిగితే చాలు.

నేను చేరిన రెండో నెలలో, సంస్థకు గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తున్నట్టు ఉత్తరం అందింది. వర్క్‌షాపులో సగం యంత్రాలు కదలవు. అయినా ప్రిన్సిపాల్‌ను కలవరపెట్టింది అవి కాదు, ఆఫీసు ముందున్న పచ్చిక. ఎవరూ కోయక అది మోకాలెత్తు పెరిగి ఉంది. స్టాకు రిజిస్టరు తీయిస్తే, ఎప్పుడో ఒక మంత్రి పర్యటన కోసం కొన్న రెండు లాన్ మోవర్లు 'పనిచేయు స్థితిలో' ఉన్నట్టు తేలింది. లాన్ మోవర్ అంటే పచ్చికను సమంగా కత్తిరించే చిన్న పెట్రోలు యంత్రం. మా వైపు గడ్డి మిషన్ అనేస్తారు. ఏడాదికొకసారి స్టోరులోని ప్రతి వస్తువునూ కళ్లారా చూసి దాని స్థితిని రిజిస్టరులో రాయాలని నియమం. చూడటం కంటే రాయడం తేలిక కాబట్టి నిరుడు రాసిందే ఈ ఏడాదీ రాస్తారు. ఆ పద్ధతిలో ఆ రెండు మిషన్లూ ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉన్నాయి.

స్టోర్ కీపర్ మునిరత్నం వాటిని బయటికి తోసుకొచ్చి, "మంత్రి వచ్చిన రోజు ఒక్క పూట తిరిగినాయి మేడమ్. ఆ పొద్దు నుంచి ఈ మూలనే ఉండాయి" అన్నాడు.

జబ్బు పెద్దదేమీ కాదు. పెట్రోలు పోసినది పోసినట్టే వదిలేస్తే, నెలలు గడిచేకొద్దీ అది కార్బురేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది. ఇంధనం దిగే రంధ్రం సూది మొనంత ఉంటుంది. అది మూసుకుపోతే ఎంత లాగినా ఇంజన్ లేవదు. కార్బురేటర్ విప్పి కడిగి, సన్నని తీగతో రంధ్రం తెరిచి, ఆయిల్ మార్చి, బ్లేడు సానపట్టాను. రెండు గంటల పని. తనిఖీ బృందం ఆ పచ్చిక మీద నిలబడి ఫోటోలు దిగింది, టీ తాగింది, పచ్చదనానికి మార్కులు వేసింది. వర్క్‌షాపు వైపు ఎండగా ఉందని రాలేదు. సంస్థకు మంచి గ్రేడు వచ్చింది.

ఆ రోజు నుంచి మా చుట్టుపక్కల చచ్చిపడి ఉన్న గడ్డి మిషన్ల సంగతి ఒక్కొక్కటే నా చెవిన పడసాగింది. చంద్రగిరి దారిలోని ఒక రిసార్టులో నాలుగు, తిరుపతిలో ఇళ్ల సముదాయాల్లో మెట్ల కింద ఒకటో రెండో, కాణిపాకంలో ఒక సత్రం వెనక ఒకటి. అన్నిటిదీ అదే జబ్బు. షోరూముకు తీసుకెళ్తే "దీనికి పార్టులు రావు, కొత్తది తీసుకోండి" అని పంపేస్తారట. సూళ్లూరుపేట వైపు కంపెనీల్లో అయితే తోట కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత మిషన్లు పాత ఇనుము కింద పోతాయని మునిరత్నమే చెప్పాడు.

మా ఆయన రాఘవాచార్యులు అప్పటికి ఇంట్లోనే ఉన్నారు. ముప్పై ఏళ్లు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పిన మనిషి. కరోనాలో పాఠాలు ఫోన్లలోకి వెళ్లినప్పుడు, తెలుగు ఎవరైనా చెప్పుకోవచ్చునని యాజమాన్యానికి తోచింది. తిరిగి తెరిచినప్పుడు ఆయన్ను పిలవలేదు. పొద్దున స్నానం చేసి, తిరునామం పెట్టుకుని, బడికి వెళ్లే వేళకు చొక్కా వేసుకుని హాల్లో కూర్చునేవారు. నేను బస్సెక్కేదాకా అలాగే కూర్చుని ఉండేవారు. ఒకరోజు నేనే అడిగాను, గడ్డి మిషన్లు కొని, బాగుచేసి అమ్మితే ఎలా ఉంటుందని.

"నాకు దాని ముందు యాడుండాదో ఎనక యాడుండాదో తెలీదే వకుళా" అన్నారు.

"మీరు కొనండి, అమ్మండి. మధ్యలోది నేను చూసుకుంటాను" అన్నాను.

మధ్యలోదే చిక్కు. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి సొంత వ్యాపారం చేయరాదు. భర్తో భార్యో చేస్తే మాత్రం ఆ సంగతి శాఖకు తెలియజేయాలి. నేను పద్ధతి ప్రకారం, 'నా భర్త వాడిన గడ్డి కోత యంత్రములను బాగుచేయించి విక్రయించు వ్యాపారము ప్రారంభించుచున్నారు' అని రాసి ప్రిన్సిపాల్ ద్వారా పంపాను. మూడు నెలలకు జవాబు వచ్చింది. గడ్డి వ్యాపారానికి సంబంధించి పశుసంవర్ధక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం జతపరచాలని అందులో ఉంది. మొదటి గుమాస్తా 'గడ్డి' చదివి 'యంత్రము' అన్న మాటను దాటేశాడు. తర్వాత సంతకాలు పెట్టినవాళ్లు గుమాస్తా రాసిందాన్ని మాత్రమే చదివారు.

తిరిగి ఉత్తరం రాస్తే ఇంకో మూడు నెలలు. అందుకని పశువుల ఆసుపత్రికే వెళ్లాను. డాక్టరు గారు నా కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఈ గడ్డి ఆవులు తినేదేనా అమ్మా?" అని అడిగారు. ఇది గడ్డి కాదు, మిషనని చెప్పాను. "మిషనుకు మేమేం చేసేది? సూది వేసేదానికి వస్తామా?" అన్నారు. కాసేపు ఆలోచించి, మంచి మనిషి కాబట్టి, లెటర్‌హెడ్ మీద 'సదరు యంత్రం పశుగ్రాసం కాదని, పశువులకు తినిపించుటకు ఉద్దేశించినది కాదని ధ్రువీకరించడమైనది' అని రాసి ముద్ర వేసి ఇచ్చారు. అది జతపరచిన వారానికే 'నమోదు చేసుకోవడమైనది' అని జవాబు వచ్చింది.

ఇంటి పక్కన రేకుల షెడ్డు వేశాం. వ్యాపారం ఎవరూ అనుకోనంత బాగా సాగింది. మా ఆయన రేణిగుంట పాత ఇనుము దుకాణాల నుంచి మిషన్లు ఏరి తెచ్చేవారు. అమ్మేటప్పుడు కొనేవాళ్లకు దాని లోపాలన్నీ ముందే చెప్పేసేవారు. ఆ అలవాటు చూసి నేను భయపడ్డాను గానీ, జనం దానికే వచ్చారు. లోపాలు చెప్పి అమ్మే వర్తకుణ్ని వాళ్లు అంతవరకు చూడలేదు. ఆదివారాలూ సెలవు రోజులూ నేను షెడ్డులో ఉండేదాన్ని. సంస్థ పనిముట్లు ఒక్కటీ ముట్టుకోలేదు. స్పానర్ల సెట్టు సొంతంగా కొనుక్కున్నాను. మా ఆయన చొక్కా వేసుకుని హాల్లో కూర్చోవడం మానేశారు.

రెండో ఏడాది ఆకాశరామన్న అర్జీ వెళ్లింది. ఎవరు రాశారో నేటికీ తెలియదు. మా షెడ్డు వచ్చాక కొత్త మిషన్లు అమ్ముడుపోక ఇబ్బంది పడ్డవాళ్లు ఒకరిద్దరు ఉన్నారని మాత్రం తెలుసు. ఆ అర్జీలో రెండు ఆరోపణలున్నాయి. ఒకటి, భర్త పేరు పెట్టుకుని వ్యాపారమంతా ఆమే చేస్తోంది, ఆమె చెయ్యి పడితే గానీ అక్కడ ఒక్క మిషనూ లేవదు. రెండు, ప్రభుత్వ పనిముట్లు వాడుతోంది. సరిగ్గా అప్పుడే డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్ పదోన్నతుల జాబితా తయారవుతోంది. నా పేరు పై వరసలో ఉంది. విచారణ మొదలై అభియోగ పత్రం ఇస్తే, పదోన్నతి సిఫారసును కవరులో పెట్టి సీలు వేసేస్తారు. అది తెరుచుకునే లోపల మనిషి పదవీ విరమణ చేయడం మామూలే.

విచారణాధికారిగా ప్రాంతీయ కార్యాలయం నుంచి డిప్యూటీ డైరెక్టర్ నరసింహులు గారిని వేశారు. చదివింది మెకానికల్ ఇంజనీరింగే అయినా, ఆయన చేతిలో చాలా ఏళ్లుగా ఉన్నది పెన్ను. ఒక ఆదివారం ఉదయం మునిరత్నాన్ని వెంటబెట్టుకుని షెడ్డుకే వచ్చారు.

రెండో ఆరోపణ ముందు తేలిపోయింది. సంస్థ నుంచి పనిముట్లు ఏవైనా బయటికి వెళ్లాయా అని అడిగితే మునిరత్నం చేతులు కట్టుకుని, "మా స్టోర్లో పనికొచ్చే స్పానర్ ఒక్కటీ లేదు సార్, మేడమ్ తీసకపోయేదానికి" అన్నాడు. అధికారి అదే మాట రాసుకుని, రిజిస్టరులో ఏముందో అడగలేదు. అడిగి ఉంటే మునిరత్నం మీద వేరే విచారణ పెట్టాల్సి వచ్చేది.

తర్వాత మా ఆయన్ను పిలిచారు. నన్ను గడప అవతల నిలబడమన్నారు. నోరు విప్పకూడదని షరతు. ఈ పరీక్ష కోసం మా ఆయన వారం రోజులుగా చదువుతున్నారు. విడిభాగాల పేర్లన్నీ చిన్న చిన్న కాగితాల మీద రాసుకుని కంఠస్థం చేశారు. అధికారి వేలితో చూపించి, "ఇదేంది?" అన్నారు.

"కార్బురేటర్ సార్. గాలినీ ఇంధనాన్నీ తగిన పాళ్లలో మేళవిస్తుంది."

"దీంట్లో ఏం చెడిపోతాది?"

మా ఆయన ఒక్క క్షణం ఆగి, "మేళనం" అన్నారు.

అధికారి తల ఎత్తి చూశారు. "సరే, ఒక మిషన్ స్టార్ట్ చేయండి."

గడప అవతలి నుంచే నాకు కనిపించింది, పెట్రోలు కుళాయి మూసి ఉంది. తాడు ఎంత లాగినా లేవదు. చెబుదామంటే చెప్పకూడదు. చెబితే మొదటి ఆరోపణ నేనే రుజువు చేసినట్టు. ఆయన లాగారు. మళ్లీ లాగారు. చెమటకు నామం కరిగి ముక్కు మీదికి జారింది. ఆయన అరవై దగ్గరి మనిషి, ఆ తాడు గట్టిది. నా కంటికి పదోన్నతి కనబడటం మానేసి ఆ భుజం ఒక్కటే కనబడింది. అధికారికి కూడా చూడబుద్ధి కాలేదేమో, ఫైలు మునిరత్నం చేతికిచ్చి తానే వచ్చి లాగారు. నాలుగైదుసార్లు లాగి, మిషన్ వైపు అనుమానంగా చూశారు.

మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "సార్, ఒక మాట. కొనేది నేను. అమ్మేది నేను. బోర్డు రాసింది నేను. బాగుచేసేది మాత్రం ఆమె. ఆమె లేకుంటే ఇయన్నీ పాత ఇనుమే. ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు పాఠం చెప్పినాను, ఇప్పుడు తప్పు చెప్పలేను" అన్నారు.

అంతా అయిపోయిందనుకున్నాను. కోపం కూడా వచ్చింది. కొనేవాళ్లకు మిషన్ లోపాలు చెప్పినట్టే అధికారికి మా లోపం చెప్పేశారు. అధికారి పెన్ను మూత పెట్టి, నా వైపు చూడకుండానే అడిగారు, "దీనికి ఏమైనాది మేడమ్?"

"పెట్రోలు కుళాయి మూసి ఉండాది సార్."

"వచ్చి తెరవండి."

వెళ్లి తెరిచి, చోక్ వేసి, తాడు ఒక్కసారి లాగాను. ఇంజన్ లేచింది. ఇక రుజువు చేయాల్సిందేమీ మిగల్లేదు. దాన్ని ఆపి చేతులు తుడుచుకున్నాను.

అధికారి ఒక డబ్బా తిరగేసి దాని మీద కూర్చున్నారు. "మీ ఆయన మీకు జీతమిస్తారా?"

"లేదు సార్."

"ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

"నేనే సార్."

"దానికి జీతం?"

"లేదు సార్."

"అట్లయితే రెండూ ఒకటే" అన్నారు. దారి దొరికిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. అక్కడే కూర్చుని నివేదిక రాసేశారు. 'సదరు ఉద్యోగిని సెలవు దినములలో భర్తకు ఇంటి పనులలో తోడ్పడుచున్నది. ఇట్టి తోడ్పాటు గృహిణి కర్తవ్యమే గాని వ్యాపారము కాదు. యంత్రముల మరమ్మతులో ఆమెకు చెప్పుకోదగిన ప్రమేయము గాని, ప్రత్యేక నైపుణ్యము గాని కానరాలేదు.' అడుగున నేను 'చదివి, సరియని ఒప్పుకొనుచున్నాను' అని రాసి సంతకం పెట్టాలి.

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ నైపుణ్యం ఉందనే కదా ఇన్నాళ్లూ ప్రభుత్వం జీతమిచ్చింది. అంత దూరం రాయకుండా ఉండవచ్చేమో అని మెల్లగా అడిగాను. "నైపుణ్యముందని రాస్తే వ్యాపారమవుతాది మేడమ్. లేదని రాస్తే సంసారమవుతాది. మీ ఇష్టం" అన్నారు నరసింహులు గారు. వ్యంగ్యంగా అనలేదు. నన్ను నిజంగానే కాపాడుతున్నారు.

మా ఆయన కాగితం తీసుకుని చదివి రెండు అక్షరదోషాలు దిద్దారు. విషయదోషం జోలికి పోలేదు. కాగితం నాకిస్తూ, "నేను చెప్పాల్సింది చెప్పేసినాను. సంతకం నీది, నువ్వు ఆలోచించుకో" అన్నారు. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. సంతకం పెట్టాను.

పదోన్నతి ఆ ఏడాదే వచ్చింది. డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్‌గా నిరుడు పదవీ విరమణ చేశాను. షెడ్డు ఇప్పటికీ నడుస్తోంది. మా ఆయనకు కుళాయి తెరవడం అలవాటైంది.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అడిగితే ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది రెండు మాటల్లో చెబుతాను. నియమాలు పనిని పట్టించుకోవు, పనికి పెట్టిన పేరును పట్టించుకుంటాయి. ఆ పేరును ఎవరో మంచివాళ్లు మన మేలు కోరి పెడుతున్నప్పుడు ఇంకా జాగ్రత్తగా చదవాలి. నా సర్వీసులో నాకు పని వచ్చునని అరమరికలు లేకుండా రాసిన కాగితం ఒక్కటే, అది సంతకం లేని అర్జీ. నాకు పని రాదన్న కాగితం మీద మాత్రం సంతకం ఉంది, అది నాదే.