కలవని సంతకం

కోవిడ్ మాస్కులు జేబుల్లోకి చేరి, పోర్టు రోడ్డు మళ్లీ లారీలతో నిండిన ఏడాది అది. విశాఖ ఆటోనగర్‌లోని ఒక బ్యాంకు బ్రాంచిలో నేను లోన్ ఆఫీసర్‌ని. చుట్టూ వర్క్‌షాపులే. గ్రైండర్ల మోత ఆగితేనే మాకు భోజనాల వేళయిందని తెలిసేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో పెద్ద లోన్లు ఇప్పించాను, మొండి బకాయిలు రాబట్టాను. కానీ నువ్వు చేసిన గొప్ప పనేమిటని ఎవరైనా అడిగితే, వ్యాపారం తగ్గించావని మా మేనేజర్ నన్ను కోప్పడిన ఒక ఫైలు గురించే చెబుతాను.

పేర్లు మారుస్తున్నాను. దరఖాస్తు పెట్టినతను సింహాచలం, పోర్టు నుంచి కంటెయినర్లు తోలే డ్రైవరు. ఇరవై ఏళ్లు ఇతరుల బండ్లు తోలి, ఇక సొంతంగా కొత్త ట్రైలర్ లారీ కొందామని వచ్చాడు. అంత పెద్ద లోన్‌కి గ్యారంటర్, అంటే హామీదారు ఉండాలి. అందుకని బావమరిది అప్పలరాజును వెంటబెట్టుకొచ్చాడు. అప్పలరాజు మా వీధి చివర షెడ్డులో ఫిట్టర్. జీతం మా బ్రాంచిలోనే పడుతుంది.

"మావోడేనమ్మ. ఎక్కడెట్టమంటే అక్కడ సంతకం ఎడతాడు," అన్నాడు సింహాచలం, అతని భుజం మీద చెయ్యేసి. అప్పలరాజు నవ్వాడు.

హామీ పత్రంలో ప్రతి పేజీ మీదా సంతకం ఉండాలి. అతను పెట్టాక, స్పెసిమెన్ సిగ్నేచర్‌తో పోల్చి చూశాను. ఖాతా తెరిచినప్పుడు మా దగ్గర ఉంచుకునే నమూనా సంతకం అది. నమూనాలో తెలుగులో పేరు ఉంది. చివరి అక్షరం నుంచి ఒక గీత కిందకి దిగి, వెనక్కి వచ్చి, గాలంలా వంకర తిరిగింది. ఇవాళ మొదటి పేజీ మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. రెండో పేజీలో తెలుగే గాని గీత లేదు. మూడోది ఏ భాషో నాకు అర్థం కాలేదు. కొత్త కాగితాలిచ్చి మళ్లీ పెట్టించాను. అవీ కలవలేదు.

"ఏట్రా, సంతకం మర్సిపోనావేటి?" అని నవ్వాడు సింహాచలం.

"పొద్దున్నించీ గ్రైండర్ పట్టినాను బావా. సెయ్యి వణుకుతంది."

నాకు అనుమానం కాస్త ఎక్కువ. మా ఇంట్లో కూడా నాకీ పేరుంది. ఆ పొద్దున్న అతను కౌంటర్లో డబ్బు తీసుకోవడం చూశాను కాబట్టి, విత్‌డ్రాయల్ స్లిప్పు తెప్పించాను. దాని మీద సంతకం గాలంతో సహా చక్కగా ఉంది. చెయ్యి వణకడం గంటలో మొదలైందన్నమాట! లారీ కొటేషన్ జెరాక్స్ తెమ్మని సింహాచలాన్ని బయటికి పంపి, అప్పలరాజును అడిగేశాను.

"మీకు ఈ సంతకం పెట్టడం ఇష్టం లేదు కదూ?"

అతను ముందు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నిలువుగా ఊపాడు.

"మా అమ్మా నాన్నా పోయినాక ఆ బావే నన్ను సాకినాడు మేడమ్. ఐటీఐ సదివించినాడు. ఆయన అడిగితే కాదని ఎలాగ సెప్తాను? నోరు రాదు. మరేమో గోపాలపట్నంలో ఇల్లు సూసుకున్నాం, అడ్వాన్సు ఇచ్చీసినాం. మా ఆవిడ కుట్టుమిషను తొక్కి కూడబెట్టిన డబ్బులవి. ఇప్పుడీ సంతకం ఎడితే నా ఇంటి లోన్ ఏటౌతాది? మీరే సంతకం కలవలేదని ఎనక్కి పంపీండి. కోపం ఒత్తే బేంకు మీద ఒత్తాది, నా మీద రాదు."

అతని భయం ఉత్తది కాదు. చాలామంది హామీ సంతకాన్ని సాక్షి సంతకం అనుకుంటారు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే నోటీసు ఇద్దరికీ వెళ్తుంది, డబ్బు హామీదారునే అడగొచ్చు. అవతలివాడు సక్రమంగా కడుతున్నా, ఆ లోన్ తీరేదాకా దాని భారం హామీదారు క్రెడిట్ రిపోర్టులో, అంటే అతని అప్పుల చరిత్రలో కనిపిస్తూనే ఉంటుంది. అతనికి రావలసిన సొంత లోన్ తగ్గిపోవచ్చు. ఒక్క సంతకంతో అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

"కలవలేదనే చెబుతాను. నిజంగానే కలవలేదు కాబట్టి," అన్నాను. "కానీ రేపు మళ్లీ తీసుకొస్తారు. ఈలోగా ఆయనకి ఒక్క మాట చెప్పి చూడండి."

"నా వల్ల కాదు మేడమ్."

సింహాచలం తిరిగొచ్చాక, సంతకాలు కలవలేదు, రేపు రండి అన్నాను. అతను బల్ల మీది కాగితాలు తీసి కాసేపు చూశాడు. "సరేనమ్మ," అని జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టేశాడు.

మర్నాడు మేం షట్టరు ఎత్తేసరికి సింహాచలం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. గొడవకే వచ్చాడనుకుని నేను జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను.

"అమ్మా, ఆళ్ల అమ్మా నాన్నా పోయినప్పటికి ఆడింకా అక్షరాలు దిద్దుతన్నాడు. పేరు రాయడం పలక మీద నానే నేర్పినాను. ఆ గీత ఎనక్కి తిప్పడం కూడా నాదే. కావాలంటే నా సంతకం సూడండి."

అతని దరఖాస్తు తీసి చూశాను. అదే గాలం! ఇంత అనుమానం మనిషిని, రెండు సంతకాలూ ఒకే ఫైల్లో ఉన్నా గమనించనే లేదు.

"నిన్న ఆడెట్టినవి ఆడి సంతకాలు కావు," అన్నాడు సింహాచలం. "ఇష్టం లేదు, నాకు సెప్పలేకపోనాడు. నాను అడక్కుండా ఉండాల్సింది. ఆడి సంతకం ఒద్దమ్మ. కాపోతే నాకు తెలిసిపోనాదని ఆడికి సెప్పకండి, సిగ్గుపడతాడు. బేంకే ఒద్దందని సెప్పండి."

ఇద్దరూ నన్ను ఒకే అబద్ధం ఆడమన్నారు. ఇద్దరి మీదా నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. అబద్ధం మాత్రం ఆడదలుచుకోలేదు. అందుకని హామీదారు నిజంగానే అవసరం లేని చిన్న లోన్ తయారుచేయడానికి కూర్చున్నాను. కొత్త ట్రైలర్ మానిపించి, మంచి కండిషన్‌లో ఉన్న పాత బండి చూడమన్నాను. మార్జిన్ మనీ, అంటే తన చేతి నుంచి పెట్టే సొమ్ము పెంచమన్నాను. భార్యను కో-అప్లికెంట్‌గా, అంటే అప్పులో భాగస్తురాలిగా చేర్చాను. "పెద్ద లోన్‌ని పిల్ల లోన్ చేశారు కదండీ," అని మేనేజర్ విసుక్కుంటూనే సంతకం పెట్టారు.

అప్పలరాజుకు ఫోన్ చేసి, "మీ సంతకం అవసరం లేకుండానే లోన్ అయిపోయింది," అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ రోజు నన్ను నేనే శభాష్ అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటినుంచి ఎవరైనా హామీదారును తెస్తే, అప్పు అడిగినవాళ్లను ఏదో పని మీద బయటికి పంపి, హామీదారుతో ఒంటరిగా మాట్లాడతాను. కాదనే వీలు లేనివాడి దగ్గర సంతకం తీసుకోకూడదని ఆ ఫైలే నేర్పింది. నా పద్ధతి నచ్చక తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. తిట్టుకోనీ.

నాలుగు నెలల తర్వాత అప్పలరాజు ఇంటి లోన్ మంజూరైంది. కాగితాల రోజున బావ కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. తన బండికి అప్పటిదాకా ఒక్క కిస్తీ తప్పలేదు. అప్పలరాజు మొదటి పేజీ మీద పేరు రాసి, గీత కిందకి దించి, వెనక్కి లాగి, గాలం తిప్పాడు.

"అదిరా నీ సంతకం," అన్నాడు సింహాచలం.

అప్పలరాజు పెన్ను ఆగిపోయింది. "బావా, నీకు ఆరోజే తెలుసా?"

"నేర్పినోడికి తెల్దేటి?"

అప్పలరాజు తల ఎత్తలేదు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు. సింహాచలం అతని వీపు మీద చెయ్యి వేశాడు. "కాగితాలు తడిస్తే మళ్లీ మొదటి నుంచి పెట్టాలి," అని కసిరాను. ఇద్దరూ నవ్వారు.

ఆ రోజు ప్రతి పేజీ మీదా సంతకం కలిసింది.