మైకు ఆపకుండా చదివిన తీర్పు

నాకు భయమనేది చిన్నప్పటినుంచీ ఉండేదే. జడ్జి అయితే పోతాదనుకున్నా. యాడ పోయింది? నల్లకోటు కింద ఇంకా బాగా దాక్కునింది, అంతే.

తిరుపతిలో మేజిస్ట్రేటుగా చేరి అప్పటికి ఏడాది. ఇంకా ప్రొబేషన్లోనే ఉండాను. ఒక్క మచ్చ పడితే ఇంటికి పంపేస్తారని మా బ్యాచ్ వాళ్ళందరికీ గుబులే. అంతకుముందు జడ్జీలకు శిక్షణంటే రైలెక్కి అకాడమీకి పోవడం, హాస్టల్లో ఉండడం, టీ దగ్గర పెద్దవాళ్ళను పట్టుకుని సందేహాలు అడగడం. ఆ తర్వాత పాఠాలన్నీ కంప్యూటర్లోకి వచ్చేసినాయి. నెలకో శనివారం ఛాంబర్లో కెమెరా ముందర కూర్చోవాల. రాష్ట్రంలోని జడ్జీలంతా తెర మీద గళ్ళుగళ్ళుగా కనపడతారు. ఎవరు మనల్ని చూస్తా ఉండారో, ఎవరు కునుకు తీస్తా ఉండారో తెలిసి చావదు. తుమ్మాలన్నా భయమే. "కూర్చున్న చోటే చదువు, హాయి కదా" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నాకో అలవాటుండాది. తీర్పు రాసినాక గట్టిగా చదువుకుంటాను. పని నేర్పిన పెద్ద జడ్జిగారు చెప్పిన మాట అది: "కన్ను ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదమ్మా, తప్పు పట్టేస్తాది." అందుకని ఛాంబరు తలుపు మూసి, అటూ ఇటూ తిరగతా, ఆఖరి పేజీ రెండుసార్లు చదువుతాను. తీర్పు కోర్టు హాల్లో చెప్పేదాకా నాకూ, టైపు చేసే స్టెనోకూ తప్ప మూడో చెవికి పోగూడదు. మా ఉద్యోగంలో అంతకంటే పెద్ద కట్టుబాటు లేదు.

ఆ శనివారం మధ్యాన్నం భోజనానికి గంటసేపు విరామమన్నారు. అంతకు కాస్త ముందే నన్నేదో ప్రశ్న అడిగితే మైకు తెరిచి జవాబు చెప్పినాను. మళ్ళీ మూసినాననే అనుకున్నాను. అందరి గళ్ళూ నల్లబడినాయి. నేనూ కెమెరా ఆపి, డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని, సోమవారం చెప్పాల్సిన తీర్పు చేతికి తీసుకున్నాను.

అది ఒక లాడ్జీలో గదులు ఊడ్చే మనిషి కేసు. వయసు యాభై దాటింది. కొండకొచ్చిన ఒకామె గొలుసు పోయింది, ఆ గది ఊడ్చింది ఇతను, కాబట్టి దొంగ ఇతనే. పోలీసుల కథ అంతే. గొలుసు దొరకలేదు, తీస్తా ఉంటే చూసినోళ్ళు లేరు. నాలుగేళ్ళుగా కోర్టు చుట్టూ తిరగతా ఉండాడు, పాపం. తిరుపతిలో లాడ్జీలకేం కరువా? ఒక్కరూ చీపురు చేతికియ్యలేదు. దొంగోడనే పేరు పోతే తప్ప ఇయ్యరు. వాయిదాకు వచ్చినప్పుడల్లా వెనకాల గోడకానుకుని నిలబడి నా మొగమే చూసేవాడు.

లేచి తిరగతా చదివినాను. "నేరం రుజువు కాలేదు. ముద్దాయి నిర్దోషి అని తీర్పు చెప్పడమైనది." రెండోసారి చదవతా ఉంటే ఫోను మోగింది. చిత్తూరు కోర్టులో పనిచేసే నా బ్యాచ్ స్నేహితురాలు.

"ఏమ్మే, మైకు ఆపు! నీ తీర్పు రాష్ట్రమంతా వినపడతా ఉండాది!"

గబగబా తెర దగ్గరికి పోయినాను. మైకు గుర్తు యాడుండాదో కనపడలేదు. తడబడి కెమెరా నొక్కినాను. గొంతు వినపడింది చాలదని మొగం గూడా చూపించినాను. ఎట్టో ఆపి, "ఎంతమంది విన్నారే?" అని అడిగినాను.

"నాకేం తెలుసు? చానామంది అన్నానికి పోయినట్టుండారులే. కానీ ఇదంతా రికార్డవతాది కదా" అనింది.

మధ్యాన్నం పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఇంటికి పోయినా అదే ఆలోచన. ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. ముద్దాయి దగ్గర తినిందంటారు, తీర్పు ముందే అమ్ముకునిందంటారు. ప్రొబేషన్లో ఉండేదానికి దిక్కెవరు? ఆదివారం పొద్దున ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడినాను. "ఏమైంది?" అన్న పాపానికి మా ఆయన్ను కసురుకున్నాను.

ఇంక ఉండబట్టలేక సాయంత్రం చిత్తూరు పోయి, జిల్లా జడ్జిగారి ఇంట్లో నిలబడి జరిగిందంతా చెప్పినాను. ఆయన నిదానంగా విన్నారు.

"నమ్మే రాసినావా ఆ తీర్పు?"

"నమ్మే రాసినాను సార్."

"అయితే రేపు పొయ్యి చెప్పెయ్యమ్మా. ఎవరన్నా అడిగితే నేనుండాను. లేదూ, నీకు భయమైతే కాయితం రాసియ్యి, కేసు ఇంకో కోర్టుకు పంపిస్తాను. వాదనలు మళ్ళీ మొదలుపెట్టాల. ఆ మనిషికి ఇంకో ఏడాది పడతాది, చూసుకో."

ఆయన ధైర్యం చెప్పింది నిజం. నాకు అర్థమైంది గూడా నిజం. అయినా నా కళ్ళ ముందర నా ఉద్యోగం తప్ప ఏమీ కనపడలేదు. కాయితం అడిగినాను. ఆయన కాయితం తీసిచ్చినారు. పెన్ను గూడా ఇచ్చినారు. ఆ రికార్డు సంగతి ఈ రోజు వరకూ నన్ను ఎవరూ అడగలేదు.

సోమవారం కేసు పిలిస్తే అతను ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని ముందుకొచ్చినాడు. ఆ రోజు తీర్పని అతనికి తెలుసు. వాళ్ళావిడ తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడింది. కేసు వేరే కోర్టుకు మారిందని, ఇంక వాయిదాలకు ఆడికే పోవాలని చెప్పినాను. లాయరు సరేనని తారీఖు రాసుకున్నాడు. అతను కదల్లేదు.

"అమ్మా, నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా? ఒక్క వాయిదా గూడా ఎగ్గొట్టలేదు తల్లీ" అన్నాడు.

నీ తప్పేం లేదప్పా అని నోటి దాకా వచ్చింది. ఆ కేసు ఇంక నాది కాదు, ఆ మాట నేను అనగూడదు. శనివారం ఎవరెవరికో వినిపించిన మాట, వినాల్సిన మనిషి ఎదురుగా నిలబడి అడిగితే చెప్పలేకపోయినాను. తల దించుకుని, తర్వాతి కేసు పిలవమన్నాను.